స్కూల్ డైరీలో వచ్చిన చలికాలం కాగితం: ధనుర్మాసంలో మన పిల్లల కోసం ఒక పాఠం



మన ఛానల్‌లో తిరుప్పావై సిరీస్ నడుస్తోంది కదా. ఈ వారం పాశురం గురించి రాయాల్సిన చోట వేరే విషయం రాస్తున్నాను. నిజానికి అది వేరే విషయం కాదు, చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

మా అక్క కూతురు విజయవాడలో ఒక క్యాథలిక్ స్కూల్లో నాలుగో తరగతి చదువుతోంది. పోయిన వారం దాని డైరీలో ఒక కాగితం అతికించి పంపారు. చలికాలం కబుర్లు, జాగ్రత్తలు అన్నీ అందులోనే. అర్ధ సంవత్సర పరీక్షలు ఎప్పుడు, క్రిస్మస్ ప్రోగ్రామ్ ఎప్పుడు, సెలవులు ఎప్పట్నుంచి, స్వెటర్ ఏ రంగుది వేసుకోవచ్చు... ఇవన్నీ పైన ఉన్నాయి. కింద "తల్లిదండ్రులకు మనవి" అని ఒక పది లైన్లు. నదీ స్నానాలకు తీసుకెళ్ళినప్పుడు పిల్లల చేయి వదలొద్దు. దీపాల దగ్గర, భోగి మంటల దగ్గర నైలాన్ బట్టలు వేయొద్దు. చైనా మాంజా కొనివ్వొద్దు. మాల వేసుకున్న పిల్లలు ఉంటే క్లాస్ టీచర్‌కి ముందే చెప్పండి. పొగమంచు ఉన్న రోజు ఆటో లేటైనా పర్లేదు, ఫస్ట్ పీరియడ్ అటెండెన్స్ ఇస్తాం.

మా అమ్మ అది చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మన దీపాలు మనమెలా పెట్టుకోవాలో సిస్టర్లు చెప్తున్నారా ఇప్పుడు?" అంది. బావ నవ్వేసి, "అత్తయ్యా, సంతకం పెట్టి పంపేద్దాం, అయిపోతుంది" అన్నారు. నేను మాత్రం ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాను. ఆ పది లైన్లలో మొదటి లైన్ దగ్గరే నాకు గొంతు పట్టుకుపోయింది. ఎందుకో కింద చెప్తాను.

ముందు విజయవాడ బయటివాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. బెజవాడ క్యాథలిక్ మేత్రాసనం 1937లో ఏర్పడింది. లయోలా కాలేజీ 1953 నాటిది, మారిస్ స్టెల్లా 1962 నాటిది. మా తరంలో, మా అమ్మావాళ్ళ తరంలో కూడా, ఈ ఊళ్ళో సగం మధ్యతరగతి ఇళ్ళలో ఎవరో ఒకరు ఫాదర్ల దగ్గరో సిస్టర్ల దగ్గరో చదువుకున్నవాళ్ళే. నేనూ అంతే. పొద్దున ఇంట్లో విష్ణు సహస్రనామం, తొమ్మిదింటికి అసెంబ్లీలో వాళ్ళ ప్రార్థన. మాకు అందులో తికమక ఏమీ అనిపించలేదు. అనిపించిన బాధల్లా ఒక్కటే. మిషనరీ స్కూళ్ళకి క్రిస్మస్ సెలవులు ఎక్కువ, సంక్రాంతి సెలవులు తక్కువ ఇస్తారు. పెదనాన్న పిల్లలు ఇంకా ఊళ్ళో పతంగులు ఎగరేస్తుంటే, నేను కనుమ మర్నాడే బ్యాగ్ తగిలించుకుని మచిలీపట్నం బస్సెక్కి వెనక్కి రావాల్సి వచ్చేది. ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

మా మేనకోడలి పరిస్థితి ఇంకా సరదాగా ఉంది. పొద్దున అయిదున్నరకి అమ్మమ్మతో కూర్చుని రోజుకో పాశురం నేర్చుకుంటోంది. సాయంత్రం క్రిస్మస్ నాటకానికి రిహార్సల్, అందులో దేవదూత వేషం. రెండు వీపు రెక్కలూ దూదితో చేశారు. ఆ కాగితంలో దాని గురించి కూడా ఒక లైన్ ఉంది: దూది రెక్కలున్న పిల్లల చేతికి కొవ్వొత్తి ఇవ్వం, బ్యాటరీ కొవ్వొత్తులు మేమే తెస్తాం, ఇంటి నుంచి పంపొద్దు అని. ఇది చదివాక అమ్మ కూడా కాస్త మెత్తబడింది. "అది మాత్రం బాగానే ఆలోచించారు" అంది.

సరే, ఇప్పుడు పాఠంలోకి వద్దాం.

నీళ్ళు

ధనుర్మాసం అంటే సూర్యుడు ధనూరాశిలో ఉండే నెల. డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తుంది. ఈ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారని మీ అందరికీ తెలుసు. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి పాడిన 30 పాశురాలు, 30 రోజులు. కథ చిన్నది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, కృష్ణుడి దగ్గరికి వెళ్ళాలని గోపికల వ్రతం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా, అంటే మొత్తం పది పాశురాలు, ఆండాళ్ చేసే పని ఒక్కటే. ఒక్కో ఇంటి ముందు ఆగి ఒక్కో అమ్మాయిని నిద్ర లేపడం. కొందరు బద్ధకిస్తారు, కొందరు లోపల్నుంచి ఎదురు మాట్లాడతారు. అయినా వదిలేసి ముందుకు వెళ్ళిపోరు. పదిహేనో పాశురంలో లోపలున్న అమ్మాయి అందరూ వచ్చేశారా అని అడుగుతుంది. బయటవాళ్ళు వచ్చేశారు, కావాలంటే నువ్వే వచ్చి లెక్కపెట్టుకో అంటారు.

మన పెద్దలు దీనికి చెప్పే అర్థం భాగవత గోష్ఠి, భగవంతుడి దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదు అని. అది గొప్ప అర్థమే, నేను కాదనను. కానీ చీకట్లో నీళ్ళ దగ్గరికి వెళ్ళే ఆడపిల్లల గుంపు బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టుకుంది అన్న మామూలు అర్థం కూడా అక్కడే ఉంది. మా ఆఫీసులో టీమ్ ఔటింగ్‌కి వెళ్తే బస్సెక్కే ముందు హెడ్‌కౌంట్ తీసుకుంటాం. ఆండాళ్ కూడా తీసుకుంది. మనం కార్తీక పౌర్ణమికి కృష్ణా తీరానికి వెళ్ళినప్పుడు తీసుకుంటున్నామా?

2017 నవంబర్ 12, కార్తీక మాసంలో ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం ఉంది కదా, పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే చోటు. అక్కడికి వెళ్తున్న పడవ ఆ సాయంత్రం తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు, భవానీ ద్వీపం చూసి, సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరినవాళ్ళు. ఆ పడవకి ఆ దారిలో తిరిగే అనుమతి లేదని, పరిమితికి మించి ఎక్కించారని, ఎక్కినవాళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవని అప్పట్లో వార్తలన్నీ రాశాయి. హారతికి వెళ్తున్న భక్తులు వాళ్ళు. ఏ తప్పూ చేయలేదు. భక్తి ఉంది కదా ఏమీ కాదులే అనే మాట ఆ రోజు తర్వాత నేను ఎవరి నోట విన్నా ఒప్పుకోలేను.

కృష్ణ మనకి తల్లి. కానీ ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఆ తల్లి ఎలా ఉంటుందో చూడండి. 1957లో పూర్తయిన బ్యారేజీ అది, కిలోమీటరుకి పైన పొడవు. గేట్లు మూసి ఉన్నప్పుడు ఎగువన నీళ్ళు నిలిచి చెరువులా కనిపిస్తాయి. అలలు ఉండవు, చప్పుడు ఉండదు. అందుకే లోతు తెలియదు. దుర్గా ఘాట్ వైపు ఒక్కో మెట్టూ దిగుతుంటే మెట్లు ఎక్కడ అయిపోతాయో పైనుంచి కనపడదు. నీటి అడుగున ఉన్న మెట్ల మీద నాచు ఉంటుంది, అది సబ్బు నీళ్ళు పోసిన బాత్‌రూమ్ బండ కంటే జారుతుంది. దిగువన ఇంకో రకం. పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ దగ్గర మామూలు రోజుల్లో నీళ్ళు తక్కువే కనిపిస్తాయి, పైన గేట్లు ఎత్తితే పరిస్థితి మారిపోతుంది.

ఇప్పుడు నా సంగతి.

అయిదేళ్ళ క్రితం, కార్తీక పౌర్ణమి తెల్లవారుజాము. అప్పటికి మన ఛానల్ మొదలుపెట్టి కొన్ని నెలలే. అరటి దొప్పల్లో దీపాలు వదిలే దృశ్యం షూట్ చేద్దామని నేను, అక్క, మేనకోడలు వెళ్ళాం. దానికి అప్పుడు నాలుగేళ్ళు. అక్క పైన మెట్ల మీద కూర్చుని 365 వత్తులు వెలిగించుకుంటోంది. "ఒరేయ్, దీన్ని చూడు" అంది. నేను సరే అన్నాను. పాపని నా పక్కనే నిలబెట్టి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. దీపాలు నీళ్ళ మీద వరసగా వెళ్తున్నాయి, వెనక కొండ మీద అమ్మవారి గుడి లైట్లు. అలాంటి ఫ్రేమ్ మళ్ళీ దొరకదు అనిపించింది. ఒక ఇరవై సెకన్లు స్క్రీన్ వైపే చూశాను.

పక్కకి చూసేసరికి పాప లేదు. రెండు మెట్ల కింద, గొంతు దాకా నీళ్ళలో ఉంది. అరవలేదు. ఏడవలేదు. చేతులు నీళ్ళ మీద కొట్టుకోలేదు కూడా. నోరు తెరిచి పైకి చూస్తోంది, అంతే. నేను కదిలే లోపే పక్కన స్నానం చేస్తున్న ఒక ముసలావిడ దాని జుట్టు పట్టుకుని పైకి లాగేసింది. నా చేతిలో పెట్టి ఒకే మాట అంది. "ఫోను తర్వాత తీసుకోవచ్చు నాయనా." ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. పాప దగ్గి, కాసేపటికి ఏడ్చి, మామూలైపోయింది. లంగా తడిసిందేంటి అని అక్క అడిగితే, మెట్టు మీద కూర్చుంది అని చెప్పాను.

ఆ దీపాల వీడియో మీలో చాలామంది చూశారు. ఛానల్‌కి మొదట్లో పేరు తెచ్చింది అదే. ఎడమ వైపు అంచున ఒక ఎర్ర లంగా కొస కనిపిస్తుంది, తర్వాత కనిపించదు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నీళ్ళలో మునిగే పిల్లలు సినిమాల్లోలా కేకలు పెట్టరు అని తర్వాత చదివాను. ఊపిరి తీసుకోవడానికే నోరు సరిపోదు, ఇంక కేక ఎక్కడ. అందుకే "అరిస్తే వినపడుతుందిలే" అనే ధైర్యం పనికిరాదు. పిల్లల్ని చూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తే ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, కొబ్బరికాయ ఉండకూడదు, దీపం ఉండకూడదు. పాప చేయి మాత్రమే ఉండాలి. ఆ మనిషి తన పూజ తర్వాత చేసుకుంటాడు, అమ్మవారు ఏమీ అనుకోదు. అయిదేళ్ళ లోపు పిల్లలకి నది స్నానం అవసరమే లేదు, చెంబుతో నీళ్ళు తెచ్చి తల మీద చల్లితే అదే స్నానం. సంకల్పం ముఖ్యం అని మనమే వీడియోల్లో చెప్తుంటాం కదా!

ఎవరైనా జారిపడితే ఈత సరిగ్గా రానివాళ్ళు వెంటనే దూకొద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి కార్తీకంలో చదువుతున్నాం. పంచె, చీర, కండువా, తాడు, ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరండి, మెట్టు మీద పడుకుని అందించండి. బయటికి తీశాక కాళ్ళు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి అందించి, ఛాతీ నొక్కాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు, ఎక్కడైనా ఒక పూట ట్రైనింగ్ దొరికితే వెళ్ళి నేర్చుకోండి. నేను మా ఆఫీసులో నేర్చుకున్నాను, అదీ ఆ సంఘటన తర్వాతే.

పడవ విషయం రెండు ముక్కల్లో. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. ఇచ్చి, వేసుకోకపోయినా పర్లేదు అంటే అసలే ఎక్కొద్దు.

నిప్పు

అమ్మకి కోపం వచ్చిన లైన్ ఇదే. కానీ ఆలోచిస్తే, మన చలికాలం మొత్తం నిప్పు చుట్టూనే తిరుగుతుంది. కార్తీకంలో దీపాలు, డిసెంబర్‌లో భవానీ దీక్ష విరమణలప్పుడు హోమగుండాలు, జనవరిలో భోగి. మధ్యలో క్రిస్మస్ కొవ్వొత్తులు. అగ్నిని మనం దేవుడిగా కొలిచేది ఆయన మంచివాడని మాత్రమే కాదు, దూరం పాటించాల్సినవాడని కూడా.

పండగ రోజు ఆడపిల్లలకి వేసే పట్టు లంగాల్లో చాలావాటిలో పట్టు ఉండదు, పాలిస్టర్ ఉంటుంది. అది అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. దీపాలు పెట్టే రోజు నూలు బట్టలు వేయండి, ఓణీ నడుముకి దోపండి, మెట్ల మీద వరసగా దీపాలు పెట్టి వాటి మీదుగా దాటొద్దు. ఫోటో కోసం దీపాల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. మా ఛానల్ థంబ్‌నెయిల్స్‌లో కూడా అలాంటివి ఉండేవి, ఈ నెలలో అన్నీ మార్చేశాం.

భోగి మంటలో వేయాల్సినవి పిడకలు, ఎండు కట్టెలు, పాత చెక్క సామాన్లు. గొబ్బి పిడకల దండలు పిల్లల చేత వేయించడం మన డెల్టా ఊళ్ళలో ఎంత ముచ్చటగా ఉంటుందో! సిటీలో మాత్రం టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పాత పరుపులు వేస్తున్నారు. ఆ పొగ మామూలు పొగ కాదు, విషం. పైగా జనవరి తెల్లవారుజామున గాలి కదలదు, మంచు కిందే ఉంటుంది, పొగ పైకి పోకుండా వీధిలోనే కూర్చుంటుంది. ఆస్తమా ఉన్న పిల్లలకి ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఇన్‌హేలర్ అవసరం పడుతుంది. పెట్రోల్, కిరోసిన్ పోసి వెలిగించడం గురించి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సి వస్తోంది అంటే సిగ్గుపడాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే ట్రాన్స్‌ఫార్మర్‌కి, పార్కింగ్‌లో బండ్లకి దూరంగా, పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్ ఇసుక పెట్టుకుని వెలిగించండి.

ఒంటికి అంటుకుంటే పరిగెత్తకూడదు. ఆగి, కింద పడి, దొర్లాలి. ఈ మూడూ పిల్లలకి ఆటలా నేర్పండి. కాలితే మామూలు పంపు నీళ్ళు ఒక 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. ఐస్ వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. పసుపు, వెన్న, టూత్‌పేస్ట్, ఇంకు, ఇవేమీ రాయకూడదు. మా అమ్మమ్మ ఇంకు రాసేది, ఆవిడ మీద గౌరవంతోనే చెప్తున్నాను. శుభ్రమైన తడి లేని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నీళ్ళు కాచుకునే రాడ్డు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇనప బకెట్‌లో పెట్టొద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి. చలికి గది తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, గాలి పోయే దారి లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వాడటం, రెండూ ప్రాణం తీసేవే. ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

మాల వేసుకున్న చిన్నారులు

దీనికి ఆ కాగితంలో ఒకే లైన్ ఉన్నా, నాకు బాగా నచ్చింది ఇదే. నేను ఆరో తరగతిలో నాన్నతో పాటు భవానీ మాల వేసుకున్నాను. ఎర్ర బట్టలతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా స్కూలుకి వెళ్ళాను. గేటు దగ్గర ఆపుతారేమో అని భయం. మా క్లాస్ సిస్టర్ నన్ను చూసి అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున ఏమైనా తిన్నావా?" అని. తినలేదు అంటే స్టాఫ్ రూమ్‌లో అరటిపండు ఇప్పించారు. గ్రౌండ్‌లో మేకులు, గాజు ముక్కలు ఉంటాయి, పీటీ పీరియడ్‌కి వెళ్ళొద్దు, లైబ్రరీలో కూర్చో అన్నారు. నాకు అప్పట్లో తెలిసిన క్యాథలిక్ ధర్మం అంతే, ఇప్పటికీ దాని మీద నాకున్న అభిప్రాయం అదే.

పిల్లలకి మాల వేసే తల్లిదండ్రులకి ఒక మాట. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం పెద్దవాళ్ళ నియమం. దగ్గు, జ్వరం, ఆస్తమా ఉన్న పిల్లలకి గోరువెచ్చని నీళ్ళు పోస్తే దీక్ష చెడదు, మీ గురుస్వామిని అడిగి చూడండి, ఎక్కువమంది ఇదే అంటారు. మందులు ఆపకూడదు. ఒంటిపూట భోజనం పదేళ్ళ పిల్లాడికి కాదు. విరమణ రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ 7, 8 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాత్రిపూట, వట్టికాళ్ళతో, వేలమంది మధ్య. అందరూ ఎర్ర బట్టల్లోనే ఉంటారు! "ఎర్ర చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడు" అని మైకులో చెప్తే ఎవరిని వెతకాలి? పిల్లాడి చొక్కా లోపలి వైపు మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాయండి, లేదా మణికట్టు మీద రాయండి. పేరు పైకి కనపడేలా రాయొద్దు, పేరు పెట్టి పిలిచే కొత్తవాళ్ళ వెంట పిల్లలు వెళ్ళిపోతారు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ రోజు బట్టలతో ఒక ఫోటో తీసుకోండి. ఫోన్ నిజంగా పనికొచ్చే చోటు అది. తప్పిపోతే అక్కడే నిలబడి దగ్గర్లో ఉన్న పోలీసుకో, పిల్లల్ని ఎత్తుకున్న ఒక అమ్మకో చెప్పమని నేర్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మంచు, కాలువలు, దారాలు

పొగమంచు గురించి హైదరాబాద్‌లో ఉన్న మా ఫ్రెండ్స్‌కి చెప్తే నవ్వుతారు. 18 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే ఊరు మాది, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ చలి కన్నా మంచుతోనే ప్రమాదం. బెజవాడ మధ్యలోంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ వెళ్తాయి. ఊరు దాటగానే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు పొలాలు, కాలువలు, వాటి గట్టు మీదే రోడ్లు. పిట్టగోడ లేని మలుపులు ఎన్నో. పొద్దున ఆరింటికి మంచులో రోడ్డు అంచు ఏదో కాలువ ఏదో తెలియదు. అలాంటప్పుడు హై బీమ్ వేస్తే తెల్ల గోడలా తిరిగి కళ్ళలోనే పడుతుంది, లో బీమ్ వేయాలి. ఆటోలో పిల్లల్ని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టనివ్వకండి. ఫస్ట్ పీరియడ్ పోయినా పర్లేదు అని స్కూలే రాసి ఇచ్చింది కదా, ఇంక తొందరెందుకు?

ధనుర్మాసం ముగ్గులు వేసే అక్కచెల్లెళ్ళు కూడా జాగ్రత్త. అయిదింటికి రోడ్డుకి వీపు పెట్టి వంగి ముగ్గు వేస్తుంటే వచ్చే బండివాడికి మీరు కనపడరు. రోడ్డుకి ఎదురుగా కూర్చోండి, పక్కన ఒక లైటో, స్టూలో పెట్టండి.

పతంగుల దారం. నైలాన్‌తో చేసి గాజు పొడి పూసిన చైనా మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతా నిషేధించింది. అయినా దొరుకుతోంది. నూలు దారం తెగుతుంది, ఇది తెగదు, మనిషి మెడ తెగుతుంది. బైక్ ముందు కూర్చున్న చిన్న పిల్లల మెడ సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది. సంక్రాంతి వారంలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పిల్లల్ని ముందు కూర్చోబెట్టొద్దు. మెడకి మఫ్లర్ చుట్టండి, చలికీ పనికొస్తుంది. కరెంటు తీగకి చిక్కిన పతంగి కోసం కర్ర పెట్టిన పిల్లాడికి ఇంకో పతంగి కొనివ్వండి.

ఫిబ్రవరి దాకా

ఆ కాగితంలో చివరి లైన్ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల గురించి. గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ కొండ మీద పుణ్యక్షేత్రం 1924 నాటిది. ఆ మూడు రోజులూ లక్షల్లో జనం వస్తారు. కొండెక్కి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళలో మనవాళ్ళు ఎంతోమంది. మీరు వెళ్తారా లేదా అన్నది మీ ఇష్టం, నేను చెప్పేది లేదు. వెళ్తే మాత్రం గిరి ప్రదక్షిణ జాగ్రత్తలే అక్కడా. ఎక్కే దారిలో తోపులాట ఉంటే పక్కకి తప్పుకోండి, పిల్లల్ని భుజం మీదకి ఎత్తుకోండి. ఆ కొండ దగ్గర ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి ఆ రోజుల్లో స్కూల్ ఆటో వేరే దారిలో వస్తుందని కాగితంలో రాశారు.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు రాత్రి అక్కకి ఫోన్ చేశాను. అయిదేళ్ళ నాటి సంగతి చెప్పాను. ముసలావిడ, జుట్టు పట్టుకుని లాగడం, నేను చెప్పిన అబద్ధం, అన్నీ. అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు మాట్లాడతాను" అని పెట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున మేనకోడలు వాయిస్ మెసేజ్ పంపింది. "మావయ్యా, పదిహేనో పాశురం మొత్తం వచ్చేసింది. అమ్మ నిన్ను ఆదివారం టిఫిన్‌కి రమ్మంది. ఫోను తేవద్దంది." 

వెళ్ళాను. ఫోన్ బండి డిక్కీలో పెట్టి వెళ్ళాను. డైరీలో కాగితం కింద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్క పెన్ను నా చేతికి ఇచ్చింది. గార్డియన్ అని ఉన్న చోట నేను పెట్టాను.

దీపాల వీడియో ఛానల్ నుంచి తీసేశాను. ఎందుకు తీసేశారు అని మెసేజ్‌లు వస్తున్నాయి, అందుకే ఇదంతా రాశాను. వచ్చే వారం పదహారో పాశురం, నందగోపుడి వాకిలి దగ్గర కలుద్దాం.

శ్రీ మాత్రే నమః.